గెలుపు కొన్నవాడు, ఓటమి అమ్ముకున్నవాడు

2021 అక్టోబరు 7న మార్సెయ్ నగరంలోని వెలోద్రోమ్ స్టేడియంలో మ్యాచ్ ఏమీ లేదు. అయినా వేలమంది వచ్చారు. ఏ పచ్చికను చూస్తూ ఏళ్ల తరబడి గొంతు చించుకున్నారో, ఆ పచ్చిక మీద ఆ రోజు ఒక శవపేటిక ఉంచారు. అభిమానులు ఒకరి వెనక ఒకరు నడిచి నివాళి అర్పించారు. పేటికలో ఉన్నది బెర్నార్ తపీ. వ్యాపారి, మాజీ మంత్రి, 1986లో ఒలింపిక్ మార్సెయ్ క్లబ్బును కొని యూరప్ శిఖరానికి ఎక్కించినవాడు. మ్యాచ్‌ను కొన్న కేసులో 1997లో జైలుకు వెళ్లినదీ ఆయనే.

బయటివాళ్లకు ఈ దృశ్యం మింగుడుపడదు. తాను ప్రాణంగా చూసుకునే ఆటను మైలపరచినవాడికి అభిమాని దండం ఎలా పెడతాడు? అభిమానికి గెలుపు తప్ప ఇంకేదీ పట్టదని తేల్చేయడం తేలికే. అది నిజం మాత్రం కాదు. ఆటలో అవినీతి మీద ఫుట్‌బాల్ అభిమాని మండిపడినంతగా ఇంకెవరూ మండిపడరు. అయితే అతను వాడే తూకపు రాళ్లు వేరు. డబ్బు ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని చట్టం అడుగుతుంది. ఆ డబ్బు ఎవరి కోసం అని అభిమాని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న దూరంలోనే ఫుట్‌బాల్‌లో అవినీతి ఇన్నేళ్లుగా కాపురం చేస్తోంది.

తపీ కథనే కాస్త దగ్గరగా చూడాలి. 1993 మే 20న మార్సెయ్ జట్టు ఉత్తర ఫ్రాన్సులోని వలాన్సియెన్‌తో ఆడాలి. ఆరు రోజుల తర్వాత మ్యూనిక్‌లో ఏసీ మిలాన్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఫ్రెంచి లీగు టైటిల్ చేజారకూడదు, ఫైనల్ ఆడాల్సిన కాళ్లకు దెబ్బ తగలకూడదు. రెండూ జరగాలంటే అవతలి జట్టు మెత్తగా ఆడాలి. మార్సెయ్ ఆటగాడు జాన్ జాక్ ఎదెలీ, వలాన్సియెన్ జట్టులో ముగ్గురిని కదిపాడు. ఒకడు 1986 ప్రపంచ కప్ ఫైనల్లో అర్జెంటీనాకు విజయపు గోల్ కొట్టిన హోర్హె బురుచాగా. రెండోవాడు క్రిస్తోఫ్ రోబేర్. మూడోవాడు డిఫెండర్ జాక్ గ్లాస్‌మాన్. గ్లాస్‌మాన్ ఒప్పుకోలేదు. విషయం బయటపెట్టాడు. మ్యాచ్ నడుస్తుండగానే ఫిర్యాదు రిఫరీ దాకా వెళ్లింది. అయినా మ్యాచ్ ముగిసింది, మార్సెయ్ 1-0తో గెలిచింది. మే 26న మ్యూనిక్‌లో బాసిల్ బోలి తలతో కొట్టిన గోల్ మిలాన్‌ను ఓడించింది. ఒక ఫ్రెంచి క్లబ్బు యూరప్ విజేత కావడం అదే మొదటిసారి. జూన్‌లో పోలీసులు రోబేర్ బంధువుల ఇంటి తోటలో తవ్వితే రెండున్నర లక్షల ఫ్రాంకులు దొరికాయి.

మార్సెయ్ లీగు టైటిల్‌ను లాగేసుకున్నారు. దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఫ్రెంచి విజేతల జాబితాలో 1992-93 గడి నేటికీ ఖాళీగానే ఉంది. మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో ఆడనివ్వలేదు. 1994లో క్లబ్బును రెండో డివిజన్‌కు దించారు. మ్యూనిక్ కప్పు మాత్రం మిగిలింది. 'ఎప్పటికీ తొలివాళ్లం మేమే' అన్నది మార్సెయ్ స్టాండ్ల నినాదమైంది. 2025లో పారిస్ జట్టు అదే మ్యూనిక్ నగరంలో అదే కప్పు గెలిచినా 'తొలి' అన్న మాటను మార్సెయ్ నుంచి ఎవరూ తీసుకోలేరు. తపీ పేటిక ముందు తలవంచినవాళ్లు తలవంచింది ఆ మాటకే.

గ్లాస్‌మాన్‌కు ఏమైంది? ఆ తర్వాతి రోజుల్లో ఫ్రాన్సు స్టేడియాల్లో అతనికి ఈలలు ఎదురయ్యాయి. మన సినిమా హాల్లో ఈల మెచ్చుకోలు. అక్కడి స్టేడియంలో ఈల అంటే ఛీత్కారం. ఇంత వ్యవహారంలో డబ్బు ముట్టనివాడు, నిజం చెప్పినవాడు, తన జట్టు కోసం నిలబడినవాడు గ్లాస్‌మాన్. పెళ్లింటికి చావు కబురు మోసుకొచ్చినవాడిని చూసినట్టు అతన్ని చూశారు. 1995లో ఫిఫా అతనికి ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది. అవార్డు ఇచ్చింది అధికారులు, ఈలలు వేసింది అభిమానులు. అభిమానులు అవినీతిని ఎలా చూస్తారన్న ప్రశ్నకు ఇంతకంటే బాధాకరమైన జవాబు దొరకదు. మంచి చెడ్డలు తెలియక వాళ్లు ఈలలు వేయలేదు. దేశానికి దక్కిన ఒకే ఒక్క పెద్ద సంతోషాన్ని అతను చేదు చేశాడన్నది వాళ్ల కోపం.

ఇటలీలో ఇదే జబ్బు ఇంకా పెద్ద ఎత్తున బయటపడింది. 2006 మేలో పత్రికలు ఫోను సంభాషణలను పేజీలకు పేజీలు అచ్చువేశాయి. యువెంటస్ క్లబ్బు జనరల్ మేనేజర్ లుచానో మొజ్జి, ఏ మ్యాచ్‌కు ఏ రిఫరీని పంపాలో చూసే అధికారులతో మాట్లాడిన మాటలవి. ఇక్కడ తోటలో పాతిపెట్టిన నోట్లు లేవు. ఉన్నదల్లా పలుకుబడి, పరిచయం, ఫలానా మ్యాచ్‌కు ఫలానా రిఫరీ అయితే బాగుంటుందన్న మాట. 2004-05, 2005-06 టైటిళ్లు యువెంటస్ నుంచి పోయాయి. రెండోదాన్ని ఇంటర్ మిలాన్‌కు ఇచ్చారు. యువెంటస్ తన చరిత్రలో మొదటిసారి రెండో డివిజన్‌లో పడింది. మొదట వేసిన 30 పాయింట్ల కోత అప్పీళ్ల తర్వాత 17కు, చివరికి 9కి తగ్గింది. ఏసీ మిలాన్, లాజియో, ఫియొరెంటీనా, రెజ్జీనా క్లబ్బులకూ పాయింట్లు కోసేశారు. విచిత్రమేమిటంటే ఈ విచారణ నడుస్తుండగానే, జులై 9న బెర్లిన్‌లో ఇటలీ ప్రపంచ కప్ గెలిచింది. కప్పు ఎత్తిన కెప్టెన్ ఫాబియో కన్నవారో అప్పటికి యువెంటస్ ఆటగాడే.

ఆ వేసవిలో కన్నవారో రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. ఇబ్రహిమోవిచ్ ఏకంగా ఇంటర్‌కే వెళ్లాడు. దెల్ పియెరో, బుఫాన్, నెద్వెద్, త్రెజెగె మిగిలారు. సెప్టెంబరు 9న ఆ జట్టు సముద్రతీరపు చిన్న ఊరు రిమినీలో తొలి మ్యాచ్ ఆడి 1-1తో బయటపడింది. అంతకుముందు ఏడాది దాకా యూరప్‌లోని మహా క్లబ్బులతో తలపడిన జట్టును రిమినీలో చూసిన అభిమాని మనసులో ఏం మెదిలి ఉంటుంది? తప్పు చేశాడన్న మొజ్జి అప్పటికే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కొందరు ఆటగాళ్లు తమ దారి తాము చూసుకున్నారు. సీజన్ టికెట్ కొన్నవాడు మాత్రం ఎక్కడికీ వెళ్లలేడు. ఫోనులో మాట్లాడింది అతను కాదు, శిక్ష అనుభవించేది అతను.

అభిమానుల మొండితనాన్ని తప్పుబట్టేవాళ్లు ఈ సంగతిని పట్టించుకోరు. ఫుట్‌బాల్‌లో శిక్ష క్లబ్బుకు పడుతుంది. పాయింట్లు పోవడం, కింది డివిజన్‌కు దిగడం, టైటిల్ రద్దు కావడం అన్నీ క్లబ్బు పేరు మీదే. క్లబ్బు అంటే అధికారికి ఉద్యోగం, యజమానికి ఆస్తి, ఆటగాడికి ఒప్పందం. అభిమానికి అది నాన్న చేయి పట్టుకుని వెళ్లిన మొదటి మ్యాచ్. అందుకే నేరం రుజువైనప్పుడు ఇంటికి జప్తు నోటీసు అంటించినట్టు ఉంటుంది అతనికి. ఇంటి గోడకు నోటీసు అంటించాక లోపల ఎవరు తప్పు చేశారన్న ప్రశ్న వెనక్కి పోతుంది, అంటించినవాడి మీద పగ ముందుకొస్తుంది.

ఆ పగ యువెంటస్ అభిమానుల్లో ఒక లెక్కగా మారింది. 2012లో క్లబ్బు మళ్లీ లీగు గెలిచినప్పుడు ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య లెక్క ప్రకారం అది 28వ టైటిల్. తర్వాతి సీజన్ చొక్కాల మీద యువెంటస్ 'మైదానంలో 30' అని రాయించుకుంది. రద్దయిన రెండూ కాలితో గెలిచినవే, కలంతో లాక్కున్నారన్నది దాని భావం. ఇంటర్‌కు ఇచ్చిన టైటిల్‌ను వాళ్లు 'అట్టముక్క టైటిల్' అంటారు. 2011లో కథ ఇంకో మలుపు తిరిగింది. ఇంటర్ పెద్దలూ రిఫరీ అధికారులతో ఫోన్లలో మాట్లాడారని, అదీ నియమాల ఉల్లంఘనేనని సమాఖ్య ప్రాసిక్యూటర్ తన నివేదికలో రాశాడు. కానీ గడువు దాటిపోయింది, చర్య లేదు. అప్పటి నుంచి ఇంటర్‌కు యువెంటస్ అభిమానులు పెట్టిన పేరు 'కాలదోషం పట్టినవాళ్లు'. ఇంటర్ స్టాండ్ల నుంచి వచ్చే జవాబు ఒకే మాట: 'దొంగలు'. 2015లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం మొజ్జి మీద మిగిలిన నేరారోపణలకూ కాలదోషమే పట్టిందని తేల్చింది.

'అందరూ చేశారు, మమ్మల్నే పట్టుకున్నారు' అన్నది ఫుట్‌బాల్ అభిమానుల వాదనలన్నిటిలోకీ బలమైనది. బలమైనది ఎందుకంటే చాలాసార్లు అందులో నిజం ఉంటుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. అందరూ చేసి ఉంటే అందరినీ పట్టుకోమని అడగాలి. స్టాండ్లలో ఆ మాట 'కాబట్టి మమ్మల్ని వదిలేయండి' అని మారిపోతుంది. క్లబ్బు నడిపేవాళ్లకు ఇంతకు మించిన కవచం దొరకదు. వాళ్లు నియమించుకునే ఏ న్యాయవాది కన్నా నిబద్ధంగా, పైసా ఫీజు తీసుకోకుండా, లక్షల మంది వాళ్ల తరఫున వాదిస్తారు.

టర్కీలో ఏ న్యాయస్థానాన్ని నమ్మాలో కూడా అభిమానే ఎంచుకోవలసి వచ్చింది. 2011 జులై 3న పోలీసులు మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై దాడులు చేసి ఫెనర్‌బాచె క్లబ్బు అధ్యక్షుడు అజీజ్ యిల్దిరిమ్‌తో సహా పలువురిని అదుపులోకి తీసుకున్నారు. కొద్ది వారాల ముందే ఫెనర్‌బాచె లీగు గెలిచింది. రెండో స్థానంలో నిలిచిన ట్రాబ్జోన్‌స్పోర్‌కూ సరిగ్గా అన్నే పాయింట్లు, 82. యిల్దిరిమ్‌కు 2012లో శిక్ష పడింది. 2013లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం క్లబ్బును రెండు సీజన్లు తన పోటీల నుంచి నిషేధించింది, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని సమర్థించింది. 2015లో టర్కీ కోర్టు పునర్విచారణ జరిపి యిల్దిరిమ్‌ను నిర్దోషి అంది. పోలీసు శాఖలోకి చొరబడిన గులెన్ వర్గం (మతబోధకుడు ఫెతుల్లా గులెన్ అనుచరులు) అల్లిన కుట్ర ఇదన్నది ఫెనర్‌బాచె వాదన. ఇస్తాంబుల్‌లోని ఫెనర్‌బాచె అభిమానిని అడిగితే 2015 తీర్పు చెబుతాడు. నల్లసముద్రం ఒడ్డున ట్రాబ్జోన్‌లో అడిగితే 2013 తీర్పు చెబుతారు. ఇద్దరి దగ్గరా తీర్పు ఉంది.

ఆ గొడవల మధ్య జరిగిన ఒక మ్యాచ్‌ను తలచుకోకుండా ఉండలేం. అభిమానులు మైదానంలోకి చొరబడినందుకు ఫెనర్‌బాచెకు ప్రేక్షకులు లేకుండా ఆడాలన్న శిక్ష పడింది. సమాఖ్య దాన్ని సడలించి, మగవాళ్లను ఆపి మహిళలను, పన్నెండేళ్లలోపు పిల్లలను మాత్రం ఉచితంగా రానిచ్చింది. 2011 సెప్టెంబరు 20న మనీసాస్పోర్‌తో మ్యాచ్‌కు నలభై వేల మందికి పైగా మహిళలు, పిల్లలు వచ్చారు. అధ్యక్షుడు జైల్లో ఉన్నాడు, క్లబ్బును ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్ నుంచి తప్పించారు, అయినా స్టేడియం నిండిపోయింది. క్లబ్బు నిర్దోషి అని ఆ పిల్లలకు ఎవరూ నిరూపించి చూపలేదు. ఇంట్లో అందరూ నమ్మేదే వాళ్లూ నమ్మారు.

ఇటు ట్రాబ్జోన్ వాళ్ల బాధను ఎవరు తూచాలి? ఏ కప్పు అయినా ఒకరి చేతిలో తప్పుగా పడిందంటే ఇంకొకరి చేతి నుంచి జారిందనే అర్థం. అక్కడి అభిమానులు మళ్లీ టైటిల్ చూడటానికి 2022 దాకా ఆగాలి. 1984 తర్వాత అదే మొదటిది.

తెలుగు పాఠకులకు ఇది పూర్తిగా పరాయి అనుభవం కాదు. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై క్రికెట్ బోర్డు హైదరాబాద్‌కు చెందిన భారత మాజీ కెప్టెన్ అజారుద్దీన్‌ను జీవితకాలం నిషేధించింది. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. 2019లో ఆయన హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు. ఆ పన్నెండేళ్లూ నగరంలో ఇంటింటా జరిగిన వాదనల్లో సాక్ష్యాల ప్రస్తావన ఎంత, ఆ మణికట్టు విరుపుల జ్ఞాపకం ఎంత అన్నది అప్పట్లో క్రికెట్ చూసినవాళ్లకు తెలుసు.

ఇంగ్లండులో ఈమధ్య 'అవినీతి' అన్న మాట అర్థమే జారిపోతోంది. 2023 నవంబరులో ఖర్చుల నియమాలు మీరినందుకు ఎవర్టన్‌కు పది పాయింట్ల కోత పడింది. అనుమతించిన 10.5 కోట్ల పౌండ్ల నష్టపరిమితిని ఆ క్లబ్బు 1.95 కోట్ల పౌండ్లు దాటింది. తర్వాతి సొంత మ్యాచ్‌లో వేలాది అభిమానులు గులాబీ రంగు అట్టలు పైకెత్తారు. వాటి మీద ప్రీమియర్ లీగ్ గుర్తు, కింద 'అవినీతిపరులు' అన్న మాట. నియమం తప్పింది తమ క్లబ్బు, అవినీతి మచ్చ శిక్ష వేసినవాళ్లకు! వాళ్ల ఆక్రోశానికి కారణం లేకపోలేదు. వందకు పైగా అభియోగాలు ఎదుర్కొన్న మాంచెస్టర్ సిటీ విచారణ అప్పటికి తెమలనేలేదు, చిన్న క్లబ్బుకు మాత్రం చకచకా శిక్ష వేశారన్నది వాళ్ల వాదన. కోతను తర్వాత ఆరు పాయింట్లకు తగ్గించారు కూడా. అటు మాంచెస్టర్ సిటీ అభిమానులు అదే ఏడాది ఫిబ్రవరిలో, అభియోగాలు వెలువడిన వారంలోనే, క్లబ్బు తరఫు న్యాయవాది లార్డ్ పానిక్‌కు తమ స్టేడియంలో బ్యానర్ కట్టారు. అభియోగాలన్నిటినీ క్లబ్బు ఖండించింది. ఫుట్‌బాల్ స్టేడియంలో గోల్ కొట్టినవాడికి కట్టాల్సిన బ్యానర్ న్యాయవాదికి కట్టే రోజు వచ్చిందంటే ఆటకు ఎంత నష్టం జరిగిందో ఆలోచించాలి. అవినీతిని అందరూ తిడుతున్నారు, కానీ అందరూ ఒకే దాన్ని తిట్టడం లేదు. తమకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి నిర్ణయానికీ ఆ పేరు పెడితే, నిజమైన అవినీతి బయటపడిన రోజున పెట్టడానికి పేరు మిగలదు.

ఇంతవరకూ చెప్పినదంతా గెలుపు కొన్నవాళ్ల సంగతి, లేదా కొన్నారన్న ఆరోపణ ఎదుర్కొన్నవాళ్ల సంగతి. రెండో రకం వేరు. అక్కడ అభిమానికి క్షమించడానికి సాకు దొరకదు.

2011 మే 15న దక్షిణ ఇటలీలో బారీ, లెచ్చె జట్ల మధ్య మ్యాచ్. రెండూ పూల్యా ప్రాంతపు నగరాలే, తరాల వైరం. బారీ అప్పటికే కింది డివిజన్‌కు పడిపోయింది. లెచ్చె గెలిస్తే పై డివిజన్‌లో నిలుస్తుంది. లెచ్చె 2-0తో గెలిచింది. రెండో గోల్ బారీ డిఫెండర్ ఆంద్రెయా మసియెల్లో కొట్టిన సెల్ఫ్ గోల్. 2012లో అతను ఒప్పుకున్నాడు: అది పొరపాటు కాదు, డబ్బు కోసం కావాలని కొట్టింది. సీజన్ పోయినా ఈ ఒక్కటైనా గెలుద్దామని స్టేడియానికి వచ్చినవాడిని ఊహించుకోండి. అతని కళ్లముందే తన చొక్కా వేసుకున్నవాడు తన గోల్‌లోకి బంతి తోశాడు. ఏడాది పాటు అతను దాన్ని దురదృష్టం అనుకున్నాడు. పాపం అని ఆటగాడి మీద జాలి కూడా పడి ఉంటాడు. ఆ జాలిని కూడా మసియెల్లో అమ్ముకున్నట్టే. అంతటితో ఆగలేదు. ఆ ఏడాదే బారీ అభిమాన బృందాల నాయకులు కొందరు అరెస్టయ్యారు. ఓడిపోవాలని తామే ఆటగాళ్లను ఒత్తిడి చేశారని, ఆ ఓటముల మీద పందేలు కాయాలనుకున్నారని వాళ్ల మీద అభియోగం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో కాపలా కుక్క మీదే కేసు పెట్టారు.

తపీ ఇచ్చిన డబ్బుకూ మసియెల్లో పుచ్చుకున్న డబ్బుకూ చట్టం దృష్టిలో తేడా లేదు. రెండూ ఫలితాన్ని అమ్మడం, కొనడమే. అభిమాని దృష్టిలో మొదటిది కుటుంబం కోసం చేసిన దొంగతనం, రెండోది కుటుంబంలోనే దొంగతనం. ఈ తేడా మనసుకు అర్థమవుతుంది, న్యాయానికి నిలవదు. తపీ కొన్న గెలుపు ఎవరో ఒకరు అమ్మితేనే దొరికింది. అమ్మినవాళ్లూ వలాన్సియెన్ అభిమానులకు సొంత ఇంటివాళ్లే. ఆ సీజన్ చివర కింది డివిజన్‌కు దిగిపోయిన జట్టు కూడా వలాన్సియెనే.

ఈ రెండో రకం అవినీతి ముదిరిన చోట అభిమాని పోట్లాడటం మానేసి వెళ్లిపోతాడు. చైనా అందుకు ఉదాహరణ. అక్కడి స్టాండ్లలో అమ్ముడుపోయిన రిఫరీకి 'నల్ల ఈల' అని పేరు. ఆ పేరున 2003లో జైలుకు వెళ్లిన మొదటివాడు గోంగ్ జియాన్‌పింగ్. 2002 ప్రపంచ కప్‌లో రిఫరీగా నిలిచి 'బంగారు ఈల' అనిపించుకున్న లూ జున్‌కు 2012లో అయిదున్నరేళ్ల శిక్ష పడింది. 2024 మార్చిలో ఫుట్‌బాల్ సంఘం మాజీ అధ్యక్షుడు చెన్ షుయువాన్‌కు జీవిత ఖైదు, డిసెంబరులో జాతీయ జట్టు మాజీ కోచ్ లీ టియేకు ఇరవై ఏళ్ల జైలు. లీ టియే ఇంగ్లండులో ఎవర్టన్‌కు ఆడినప్పుడు చైనా అభిమానులు గర్వంగా చెప్పుకున్న పేరు. అంతమందిని జైల్లో పెట్టినా స్టాండ్లలోకి నమ్మకాన్ని అరెస్టు చేసి తీసుకురాలేరు. ఫలితం ముందే రాసి ఉందని ఒకసారి అనుమానం పడితే, ఆఖరి నిమిషపు గోల్ కూడా నాటకంలా కనిపిస్తుంది. తొంభై నిమిషాలు గుండె చేతిలో పట్టుకుని చూడటానికి ఇంకేం మిగులుతుంది?

రిఫరీ అమ్ముడుపోయాడని ప్రతి వారం ప్రతి దేశంలో ఓడిన జట్టు అభిమానులు అరుస్తూనే ఉంటారు. చాలాసార్లు అది ఉక్రోషమే. కానీ 2004 ఆగస్టులో జర్మన్ కప్ మ్యాచ్‌లో హాంబుర్గ్ 2-0 ఆధిక్యం నుంచి చిన్న జట్టు పాడెర్‌బార్న్ చేతిలో 4-2తో ఓడినప్పుడు, ఆ పెనాల్టీలు, ఆ రెడ్‌కార్డు చూసి అరిచినవాళ్లది ఉక్రోషం కాదు. పందెం ముఠా నుంచి డబ్బు తీసుకున్నానని రిఫరీ రాబర్ట్ హోయ్‌జర్ 2005లో ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. 2025 అక్టోబరులో టర్కీ సమాఖ్యే స్వయంగా ఒక లెక్క చెప్పింది: 571 మంది రిఫరీల్లో 371 మందికి బెట్టింగ్ ఖాతాలున్నాయి. అభిమాని అనుమానాన్ని ఇక పిచ్చి అని కొట్టిపారేయడం ఎలా?

ఇక ఫిఫా. ఇక్కడ అభిమానులందరిదీ ఒకే మాట, ఎందుకంటే ఫిఫా ఎవరి జట్టూ కాదు. 2015 మే 27 తెల్లవారుజామున జ్యూరిచ్‌లోని బౌర్ ఒ లాక్ హోటల్‌లో స్విస్ పోలీసులు ఏడుగురు ఫుట్‌బాల్ అధికారులను అరెస్టు చేశారు. కెమెరాలకు ముఖాలు చిక్కకుండా హోటల్ సిబ్బంది తెల్లటి దుప్పట్లు అడ్డుపట్టారు. 24 ఏళ్లలో 15 కోట్ల డాలర్లకు పైగా ముడుపులు చేతులు మారాయని అమెరికా ప్రాసిక్యూటర్లు అభియోగం మోపారు. ప్రపంచమంతా అభిమానులు ఆ దుప్పట్లను చూసి సంతోషించారు. రెండు రోజులకు ఏమైంది? మే 29న ఫిఫా అధ్యక్ష ఎన్నికలో సెప్ బ్లాటర్‌కు 133 ఓట్లు, ప్రత్యర్థి ప్రిన్స్ అలీకి 73. బ్లాటర్ అయిదోసారి గెలిచాడు. నాలుగు రోజుల తర్వాత తప్పుకుంటానని ప్రకటించక తప్పలేదు, అది వేరే సంగతి. ఆ ఎన్నికలో ఓటున్నది దేశాల సమాఖ్యలకు. టికెట్ కొనేవాడికి, చొక్కా కొనేవాడికి, రాత్రంతా మేలుకుని చూసేవాడికి ఓటు లేదు. ఫిఫా మీద అభిమానుల కోపం ఇంత ఏకగ్రీవంగా ఉండీ ఇంత నిష్ప్రయోజనం కావడానికి కారణం అక్కడే ఉంది. సొంత క్లబ్బు విషయంలో వాళ్లకు బలం ఉంది, చూపు లేదు. ఫిఫా విషయంలో చూపు ఉంది, బలం లేదు.

2010 డిసెంబరు 2న 22 మంది కూర్చుని 2022 ప్రపంచ కప్‌ను 14-8 ఓట్లతో, అమెరికాను కాదని కతార్‌కు ఇచ్చారు. ఆ ఓట్లలో కొన్నిటికి లంచాలు ముట్టాయని 2020లో అమెరికా ప్రాసిక్యూటర్లు ఆరోపించారు. కతార్ ఖండించింది. యూరప్ అభిమానులకు ఇది పోటీ ఎక్కడ జరగాలన్న వివాదం. తెలంగాణలో దీనికి ఇంకో ముఖం ఉంది. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్ నిర్మాణ పనులకు మనుషులు వెళ్తున్నారు. ఓటు పడ్డాక కతార్‌లో లేచిన రోడ్లు, హోటళ్లు, మెట్రో, స్టేడియాల వెనక దక్షిణాసియా కూలీల చేతులున్నాయి. ఆ దశాబ్దంలో అయిదు దక్షిణాసియా దేశాలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు అక్కడ చనిపోయారని 2021లో ఒక బ్రిటిష్ పత్రిక లెక్కగట్టింది. అన్ని కారణాల మరణాలూ అందులో ఉన్నాయి, స్టేడియం పనుల్లో చనిపోయినవాళ్లే కాదు. అయినా జ్యూరిచ్‌లో ఓటేసిన 22 మందిలో ఒక్కరైనా ఆ ఓటుకు ఏ ఊళ్ల నుంచి మనుషులు వెళ్లాల్సి వస్తుందో ఆలోచించారా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 2022 డిసెంబరు 18 రాత్రి అర్జెంటీనా, ఫ్రాన్సు 3-3 వద్ద పెనాల్టీలకు వెళ్లినప్పుడు ఎవరికీ ఆ ఓటు గుర్తులేదు. ఆట అంత గొప్పగా ఉంది మరి. అవినీతిపరులు నమ్ముకునేది ఆట గొప్పతనాన్నే.

అభిమానులు తమ తూకపు రాళ్లను మార్చుకున్న సందర్భాలు అరుదు గానీ లేకపోలేదు. బల్గేరియాలో ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ సంఘాన్ని నడిపింది బోరిస్లావ్ మిహైలోవ్, 1994 ప్రపంచ కప్‌లో సెమీఫైనల్ చేరిన జట్టుకు గోల్‌కీపర్, కెప్టెన్. ఆ జట్టు అక్కడ దేవుళ్లతో సమానం. 2023 నవంబరు 16న సోఫియాలో హంగరీతో మ్యాచ్. అభిమానుల నిరసన ముంచుకొస్తోందని తెలిసి ప్రేక్షకులు లేకుండా ఆడించాలని నిర్ణయించారు. మామూలు రోజుల్లో ఒకరి ముఖం ఒకరు చూడని క్లబ్బుల అభిమానులు ఆ సాయంత్రం వేల సంఖ్యలో ఒకే వీధిలోకి వచ్చారు. వాళ్లు అడిగింది తమ క్లబ్బుకు న్యాయం కాదు, మిహైలోవ్ దిగిపోవాలని. పోలీసులతో ఘర్షణ జరిగింది, వాహనాలు తగలబడ్డాయి, ఎంతోమంది గాయపడ్డారు. ఆ హింసను సమర్థించలేం. ఆ నెలలోనే మిహైలోవ్ రాజీనామా చేశాడు.

స్టేడియం లోపల బల్గేరియా, హంగరీ 2-2తో డ్రా చేసుకున్నాయి. ఖాళీ కుర్చీల ముందు ఆడిన ఆటగాళ్లకు ఆ సాయంత్రం వినిపించిన అరుపులన్నీ గోడ అవతలి నుంచి వచ్చినవే.